ఉటంకింపుకు వెల కట్టవచ్చునా? : పత్రికావార్తలు, అంతర్జాల రచన, తెలుగు పరిశోధకుని హక్కు

వ్యాస సంగ్రహం

పత్రికల్లోని వార్తలను అంతర్జాల రచనల్లో ఉటంకించడానికి అనుమతి తీసుకోవాలని, రుసుము చెల్లించాలని వినిపిస్తున్న వాదాన్ని ఈ వ్యాసం ఖండిస్తుంది. భారత కాపీరైట్ చట్టం, బెర్న్ ఒడంబడిక, న్యాయస్థానాల తీర్పులు, తెలుగు సాహిత్యంలోని ఉదాహరణ సంప్రదాయం ఆధారంగా మూడు విషయాలను ప్రతిపాదిస్తుంది. పరిమితమైన ఉటంకింపునకు వెల లేదు. వెల అడిగే సంస్థకు ఆ వార్తపై హక్కు ఉన్నదో లేదో ముందుగా తేలాలి. పరిశోధకుడు తీర్చవలసిన అసలు రుణం మూలాన్ని పూర్తిగా పేర్కొనడమే.

కీలక పదాలు: ఉటంకింపు, సముచిత వినియోగం, కాపీరైట్, గ్రంథచౌర్యం, మండల విలేకరి, స్థానిక చరిత్ర.

1. ప్రవేశిక

2016 అక్టోబరు 11న ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో దంతాలపల్లి ఒక మండల కేంద్రం. అంతకుముందు అది వరంగల్ జిల్లా నర్సింహులపేట మండలంలోని గ్రామం. ఈ మార్పు రాజపత్రంలో కొద్ది పంక్తుల్లో నమోదైంది. చట్టాలను మినహాయిస్తే రాజపత్రంలో ప్రచురితమైన విషయాన్ని ఎవరైనా పునర్ముద్రించవచ్చునని 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను చెబుతుంది. కాబట్టి ఊరు మండలమైన తేదీని, ఉత్తర్వును నిస్సంకోచంగా ఉదాహరించవచ్చు. కాని ఆ ఊరివాళ్లు ఏం కోరుకున్నారు, ఎవరికి వినతిపత్రాలు ఇచ్చారు, ఏ గ్రామం ఏ మండలంలో కలవడానికి ఇష్టపడలేదు, కాలువ నీళ్లు ఏ ఏడు చివరి చేలకు అందలేదు అన్న సంగతులు రాజపత్రంలో దొరకవు. వాటికి మిగిలిన లిఖిత ఆధారం దినపత్రికల జిల్లా పేజీలే.

ఇటువంటి ఊరి చరిత్రను, ఊరి మాటను పరిశోధించే విద్యార్థి తన వ్యాసాన్ని అంతర్జాల సంచికకు పంపదలచినప్పుడు ఒక కొత్త సందేహం ఎదురవుతున్నది. పత్రికలోని నాలుగు వాక్యాలను యథాతథంగా ఇవ్వడానికి పత్రిక యాజమాన్యం అనుమతి కావాలా? అనుమతికి రుసుము అడిగితే చెల్లించాలా? ఎందుకొచ్చిన గొడవ, సొంత మాటల్లో రాసేస్తే పోతుంది కదా అన్న సలహా ఈ సందేహానికి తోడవుతున్నది. ఈ జాగ్రత్త చూడడానికి సాధుస్వభావం కలదిగా కనిపిస్తుంది. నిజానికి అది తెలుగు పరిశోధన పునాదినే కదిలించేది.

2. ఉదాహరణ సంప్రదాయం

మూలం లేనిదేదీ రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. లాక్షణికులు ప్రతి సూత్రానికి పూర్వకవి ప్రయోగాన్ని లక్ష్యంగా చూపారు. తెలుగులో వ్యాకరణ, ఛందో చర్చలన్నీ ఇతరుల వాక్యాలను పేరు చెప్పి ఉదాహరించడం మీదనే నిలిచాయి. మడికి సింగన సంధానించిన 'సకలనీతిసమ్మతము'లో, పెదపాటి జగ్గన సంకలించిన 'ప్రబంధరత్నాకరము'లో ఉదాహృతమైన పద్యాల వల్లనే కొన్ని కావ్యాల ఉనికి నేటికి తెలుస్తున్నది. మూలగ్రంథాలు నశించాయి, ఉదాహరణలు మిగిలాయి.

దినపత్రికకు ఈ పోలిక మరింత బాగా వర్తిస్తుంది. దినపత్రిక ఆయుస్సు ఒక పూట. అంతర్జాలంలో దాని జిల్లా పేజీ ఆయుస్సు కూడా అంతకంటే ఎక్కువేమీ కాదు. లంకె చెడిపోతుంది, పాత సంచికలు చందాదారులకే పరిమితమవుతాయి, సంస్థ మూతపడితే అన్నీ పోతాయి. 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన 'ఆంధ్రపత్రిక' 1991లో ఆగిపోయింది. 1984లో వచ్చిన 'ఉదయం' 1995లో మూతపడింది. వీటిలోని వార్తను ఉటంకించడానికి అనుమతి కోరే పరిశోధకుడు ఏ తలుపు తట్టాలి? అనుమతి లేనిదే ఉటంకించరాదన్న నియమం ఈ పత్రికల విషయంలో నిషేధంగానే పరిణమిస్తుంది.

మహబూబాబాద్ జిల్లాలోనే మరో ఉదాహరణ ఉంది. ఒద్దిరాజు సోదరులు 1922లో ఇనుగుర్తి గ్రామం నుంచి 'తెనుగు పత్రిక'ను నడిపారు. నిజాం రాజ్యంలో ఒక పల్లె నుంచి వారపత్రిక వెలువడడం తెలంగాణ సాంస్కృతిక చరిత్రలో చిన్న విషయం కాదు. ఆ పత్రిక గురించి, 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో మొదలైన 'గోలకొండ పత్రిక' గురించి జరిగే చర్చ ఎంతదైనా వాటి వాక్యాలను చూపనిదే సాగదు. పత్రిక చరిత్రను పత్రిక వాక్యం లేకుండా రాయమనడం శాసనపాఠం లేకుండా శాసన పరిష్కరణ చేయమనడం వంటిది.

3. చట్టం చెప్పేది

చట్టం పేరు చెప్పి భయపెట్టేవారు చట్టాన్ని మొదటి నుంచి చదవరు. కాపీరైట్ ఏ హక్కులను ఇస్తుందో 14వ సెక్షను నిర్వచిస్తుంది. ఆ హక్కులు రచనకు గాని, దానిలోని గణనీయమైన భాగానికి గాని వర్తిస్తాయి. అంటే గణనీయం కాని చిన్న భాగాన్ని వాడుకోవడం ఉల్లంఘనే కాదు. అక్కడ మినహాయింపును వెదకవలసిన అవసరమే రాదు. ఒక సుదీర్ఘ కథనం నుంచి రెండు మూడు వాక్యాలు తీసుకుని చర్చించే పరిశోధకుడు సాధారణంగా ఈ గీతకు ఇవతలే ఉంటాడు. గణనీయత వాక్యాల సంఖ్యను బట్టే తేలదు, వాటి ప్రాముఖ్యాన్ని బట్టి కూడా తేలుతుందన్న మాట నిజమే. అయినా ఆ కొలత రచనా స్వభావాన్ని చూసి న్యాయస్థానం తేల్చేది. యాజమాన్యం అచ్చువేసే ధరల పట్టికతో దానికి సంబంధం లేదు.

రెండవది, వార్తలోని సంఘటనపై ఎవరికీ స్వామ్యం లేదు. భావాలకు, ఇతివృత్తాలకు, చారిత్రక సత్యాలకు కాపీరైట్ ఉండదని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దినవార్తలకు, కేవల సమాచార రూపమైన విశేషాలకు రక్షణ వర్తించదని బెర్న్ ఒడంబడిక రెండవ అధికరణం చెబుతుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడన్నది ఏ పత్రిక సొత్తూ కాదు. ఆ సంఘటనను ఒక పత్రిక ఏ మాటల్లో చెప్పిందన్నదే రక్షణ పొందగల అంశం.

మూడవది, ఆ మాటల్లో గణనీయమైన భాగాన్ని వాడినా 52వ సెక్షను ఒకటవ ఉపసెక్షనులోని మొదటి ఖండం సముచిత వినియోగాన్ని అనుమతిస్తుంది. పరిశోధనతో సహా వ్యక్తిగత వినియోగం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన వ్యవహారాల నివేదన అన్నవి అది పేర్కొన్న ప్రయోజనాలు. ప్రచురితమైన పరిశోధన వ్యక్తిగత వినియోగం ఎలా అవుతుందని ఒక ఆక్షేపణ ఉంది. ఆ ఆక్షేపణలో బలం లేకపోలేదు. కాని విమర్శకు సంబంధించిన నిబంధన దానికి సమాధానమిస్తుంది. ఆ విమర్శ ఉటంకించిన రచనపైనే కానక్కరలేదు, మరే రచనపైనైనా కావచ్చునని చట్టం విస్పష్టంగా చెప్పింది. సాయుధ పోరాట నవలను విమర్శిస్తూ నాటి పత్రికావార్తను ఉటంకించే వ్యాసం దీని పరిధిలోకి వస్తుంది. ఈ ప్రయోజనాల కోసం రచనను ఎలక్ట్రానిక్ మాధ్యమంలో భద్రపరచుకోవడం ఉల్లంఘన కాదని అదే ఖండానికి చేర్చిన వివరణ అంటుంది. పరిశోధకుని కంప్యూటరులోని పత్రికల స్కాన్లు దొంగసొత్తు కావు.

బెర్న్ ఒడంబడిక పదవ అధికరణం మరింత సూటిగా మాట్లాడుతుంది. న్యాయసమ్మతంగా బహిర్గతమైన రచన నుంచి సదాచారానికి అనుగుణంగా, ప్రయోజనానికి తగినంత మేరకు ఉటంకించవచ్చునంటూ వార్తాపత్రికల వ్యాసాలను అది పేరుపెట్టి చేర్చింది. భారతదేశం ఆ ఒడంబడికలో సభ్యదేశం.

నాలుగవది కాలపరిమితి. రచయిత పేరు లేని రచనకు ప్రచురణ మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లు, పేరున్న రచనకు రచయిత మరణానంతరం 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. 1946లో పేరు లేకుండా అచ్చయిన వార్త 2006 చివరికే స్వేచ్ఛ పొందింది. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి సంపాదకీయాలు 2014 ఆరంభం నుంచి లోకం సొత్తు. వీటిలో రెండు వాక్యాలకు అనుమతిపత్రం అడగడం చట్టం పట్ల గౌరవం అనిపించుకోదు.

న్యాయస్థానాల దృష్టి కూడా ఈ దిశలోనే ఉంది. 52వ సెక్షను భావ ప్రకటన స్వేచ్ఛను కాపాడడానికి ఉద్దేశించినదని వైలీ ఈస్టర్న్ కేసులో ఢిల్లీ హైకోర్టు భావించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఫోటోకాపీ కేసులో 2016లో అదే న్యాయస్థానం బోధనావసరాల కోసం పుస్తక భాగాల నకళ్లు తీయడాన్ని సమర్థిస్తూ కాపీరైట్‌ను సహజసిద్ధమైన, దైవదత్తమైన హక్కుగా చూడలేమన్నది. 1996లో సివిక్ చంద్రన్ కేసులో కేరళ హైకోర్టు ఒక ప్రసిద్ధ నాటకంలోని భాగాలను వాడుకుని రాసిన ప్రతినాటకాన్ని విమర్శగా గుర్తించింది. ప్రతినాటకానికి ఉన్న వెసులుబాటు పాదసూచికతో కూడిన నాలుగు పంక్తుల ఉటంకింపునకు లేదనడం ఏ తర్కానికి నిలుస్తుంది?

4. పదానికి ఇంత అన్న లెక్క

ఉటంకింపునకు పదాల లెక్కన ధర నిర్ణయించిన ప్రయత్నం జరగకపోలేదు. 2008 జూన్‌లో అమెరికాలోని అసోసియేటెడ్ ప్రెస్, 39 నుంచి 79 పదాల వరకు తమ వార్తలను ఉటంకించిన ఒక వెబ్‌సైటుకు తొలగింపు నోటీసులు పంపింది. 5 నుంచి 25 పదాల ఉటంకింపునకు 12 డాలర్ల 50 సెంట్లు అడిగే ధరల పట్టిక ఆ సందర్భంలోనే చర్చకు వచ్చింది. ఆ పట్టిక ప్రకారం విమర్శించేవాడు కూడా విమర్శకు గురైన వాక్యాన్ని కొనుక్కోవాలి. ధర చెల్లించినవాడికే తప్పు పట్టే హక్కు ఉంటుందన్నమాట.

పదాల లెక్క తెలుగులో మరింత అసంబద్ధం. సంధి, సమాసం, ప్రత్యయాల కూర్పు గల భాషలో 'వెళ్లవలసివచ్చిందంటున్నారు' అన్నది ఒక్క పదం. ఇంగ్లీషులో అదే భావానికి అయిదారు పదాలు పడతాయి. విడదీసి రాసే పత్రికకు ఒక ధర, కలిపి రాసే పత్రికకు మరో ధర అవుతుంది. ఉటంకింపు సముచితమా కాదా అన్నది ప్రయోజనాన్ని, పరిమాణాన్ని, మూల రచన విపణిపై ప్రభావాన్ని కలిపి చూసి తేల్చేదే గాని పదాలు తూచి తేల్చేది కాదు.

5. పూర్వపక్షం

వెల కట్టాలనేవారి వాదనలో బలమైన భాగాన్ని పక్కన పెట్టరాదు. వార్త ఊరికే పుట్టదు. విలేకరి తిరగాలి, ఫోటో తీయాలి, ఉపసంపాదకుడు దిద్దాలి. ప్రకటనల ఆదాయం అంతర్జాల వేదికలకు తరలిపోయింది. వార్తను తెచ్చినవాడు నష్టపోతుంటే దానిని తిరిగి చెప్పినవాడు లాభపడుతున్నాడు. ఒక్కొక్క ఉటంకింపు చిన్నదే అయినా వేలాదిగా పోగైతే పాఠకుడు మూలానికి వెళ్లనే వెళ్లడు.

ఈ ఫిర్యాదు నిజమే, కాని అది చేరవలసిన చిరునామా వేరు. ప్రచురణకర్తల ప్రయోజనం కోసమే యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన ఆదేశం కూడా లంకెలను, విడి పదాలను, అతి చిన్న భాగాలను, వ్యక్తుల వాణిజ్యేతర వినియోగాన్ని మినహాయించింది. 2021లో ఆస్ట్రేలియా చేసిన చట్టం బేరానికి కూర్చోబెట్టదలచింది భారీ వేదికలనే. స్పెయిన్ 2014లో వార్తా సంకలన సేవలపై తప్పనిసరి రుసుము విధించగా గూగుల్ న్యూస్ ఆ డిసెంబరులో అక్కడ మూతపడి 2022లో గాని తిరిగి రాలేదు. 2024 నవంబరులో ఏఎన్ఐ సంస్థ ఓపెన్ఏఐపై ఢిల్లీ హైకోర్టులో వేసిన దావా సైతం వార్తాభాండాగారాన్ని మొత్తంగా యంత్రశిక్షణకు వాడుకోవడం గురించినది. ఈ వివాదాలలో ఎవరు గెలిచినా వాటి ఫలితాన్ని పాదసూచిక రాసే పరిశోధకునిపై మోపడం అన్యాయం. ఏనుగులు తొక్కిన చేనుకు చీమ దగ్గర పరిహారం అడిగినట్టుంటుంది.

చిన్న రచయితపై ఒత్తిడి ఎలా పనిచేస్తుందో 2025 మే నెలలో వెలుగుచూసిన వివాదం సూచిస్తుంది. కొన్ని క్షణాల దృశ్యాలను వాడినందుకు కాపీరైట్ ఫిర్యాదులు పెట్టి, వాటి ఉపసంహరణకు లక్షల రూపాయల లైసెన్సు కొనాలని ఒక వార్తాసంస్థ అడుగుతున్నదని యూట్యూబ్ వ్యాఖ్యాతలు ఆరోపించారు. ఆ ఆరోపణల నిజానిజాలను న్యాయస్థానాలే తేల్చాలి. ఇక్కడ గమనించవలసింది వేదిక నియమాల స్వరూపం. 90 రోజుల్లో మూడు ఫిర్యాదులు నిలిస్తే ఛానెలే పోతుంది. ఉపయోగం సముచితమో కాదో న్యాయస్థానం చెప్పేలోగానే రచయిత దారికి వస్తాడు. ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు విధించే 63వ సెక్షను ఉన్నదన్న భయం ఎలాగూ ఉంటుంది. హక్కు పుస్తకంలోనే ఉండి చేతికందకపోవడమంటే ఇదే.

6. వెల అడిగేవారి హక్కు ఎంత?

దంతాలపల్లి వంటి మండల కేంద్రం నుంచి వార్త రాసేదెవరు? తెలుగు దినపత్రికలు జిల్లా సంచికలకు విస్తరించిన నాటి నుంచి ఈ పని మండల విలేకరులది. వారిలో చాలామందికి నెలజీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి వచ్చే లైనేజీ, ప్రకటనలపై కమీషను వారి రాబడి. చాలా వార్తల్లో ఊరి పేరు, పత్రిక పేరు తప్ప రాసినవాడి పేరు కనబడదు.

17వ సెక్షను ఇక్కడ ఆసక్తికరమవుతుంది. ఉద్యోగ ఒప్పందం కింద పనిచేసే రచయిత పత్రిక కోసం రాసిన దానికి యజమానే తొలి హక్కుదారు. అయితే ఆ హక్కు పత్రికల్లో, తత్సమానమైన నియతకాలికల్లో ప్రచురణ వరకే. మిగతా అన్ని విధాలుగా తొలి హక్కుదారు రచయితే. ఉద్యోగ ఒప్పందమే లేని విలేకరి విషయంలో యజమానికి ఆ పరిమిత హక్కు కూడా తనంత తానుగా రాదు. 19వ సెక్షను ప్రకారం లిఖితపూర్వక బదిలీ ఉండాలి. అందులో గడువు పేర్కొనకపోతే అది అయిదేళ్లకే పరిమితం. కాబట్టి మండల వార్తలోని నాలుగు వాక్యాలకు వెల అడిగే సంస్థ ముందుగా తన హక్కుపత్రాన్ని చూపాలి. విలేకరిని ఉద్యోగిగా ఒప్పుకోనప్పుడు స్వతంత్రుడని, వార్తకు ధర కట్టేటప్పుడు తన మనిషని చెప్పడం రెండు నాల్కల ధోరణి.

వసూలైన రుసుములో దంతాలపల్లి విలేకరికి వాటా ఎంత అన్న ప్రశ్నకు సమాధానం రానంతవరకు 'వార్తను తెచ్చినవాడి కష్టం' పేరిట సాగే వాదం నైతికంగా నిలవదు.

7. సొంత మాటల్లో రాస్తే పోదా?

కాపీరైట్‌ను, గ్రంథచౌర్యాన్ని కలగలపడం వల్ల విభాగాలలో మరో గందరగోళం ఏర్పడింది. చౌర్యం మూలాన్ని దాచడంలో ఉంది. ఉటంకింపు మూలాన్ని చూపడంలో ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నిబంధనలు సారూప్య పరీక్ష నుంచి అనుమతితో గాని, మూల ప్రస్తావనతో గాని ఇచ్చిన ఉటంకింపులను మినహాయించాయి. మూల ప్రస్తావన చాలునని అంగీకరించిన ఆ మాటను వదిలి అనుమతి అన్న మాటనే పట్టుకోవడం అతిభయం.

ఈ భయంతో పరిశోధకుడు పత్రిక వాక్యాన్ని సొంత మాటల్లోకి మారిస్తే ఏం పోతుంది? తెలుగు శాఖకు అసలు అవసరమైనదే పోతుంది. ఒక పత్రిక ఒక సంఘటనను 'దాడి' అన్నదా, 'ఘర్షణ' అన్నదా, 'తిరుగుబాటు' అన్నదా అన్నది చరిత్రకారునికీ, భాషా పరిశోధకునికీ ప్రధానం. కర్తరి వాక్యమా, కర్మణి వాక్యమా, కర్తను దాచిన వాక్యమా అన్నది విమర్శకునికి సాక్ష్యం. మండల వార్తలో దొర్లిన మాండలిక పదం నిఘంటుకారునికి ఆధారం. 1995లో తెలుగు విశ్వవిద్యాలయం ప్రచురించిన 'పత్రికాభాషా నిఘంటువు' వంటి పని పత్రికల ప్రయోగాలను పరిశీలించకుండా అసాధ్యం. మాటను మార్చి చెప్పిన వార్త పత్రిక అభిప్రాయాన్ని పరిశోధకుని అభిప్రాయంగా మారుస్తుంది, పత్రికను తన మాటకు జవాబుదారీ కాకుండా తప్పిస్తుంది. అన్నిటికంటే మించి, వాక్యాన్ని సరిచూసే అవకాశం పాఠకునికి ఉండదు.

8. ఉటంకించేవారి బాధ్యత

హక్కును కోరేవారు దాని హద్దును కూడా ఒప్పుకోవాలి. పూర్తి వార్తను తెచ్చి పైన ఒక వాక్యం, కింద ఒక వాక్యం చేర్చి వ్యాసమనడం ఉటంకింపు కాదు. ఫోటోను, కార్టూనును పూర్తిగా ఇవ్వడం, సంపాదక పేజీ వ్యాసాలను సంకలనంగా వేయడం అనుమతి కావలసిన పనులు. అక్కడ రుసుము న్యాయం, ఆ రుసుము రాసినవారికి చేరడం మరింత న్యాయం. 'ఒక దినపత్రికలో వచ్చింది' అని వదిలేయడం కూడా అపచారమే. రచయితగా గుర్తింపు పొందే హక్కును 57వ సెక్షను కాపాడుతుంది. హక్కులు బదిలీ అయిన తరువాత కూడా అది రచయితతోనే ఉంటుంది.

కాబట్టి తెలుగు శాఖల పరిశోధన పత్రికలు అంతర్జాల ప్రచురణకు కొన్ని నియమాలను బాహాటంగా ప్రకటించుకోవడం అవసరం. పరిమితమైన ఉటంకింపునకు అనుమతిపత్రం అడగరాదు. పత్రిక పేరు, సంచిక, తేదీ, పుట, విలేకరి పేరు ఉంటే ఆ పేరు, లేకుంటే వార్త వెలువడిన ఊరి పేరు తప్పనిసరిగా ఇవ్వాలి. లంకెతోనే సరిపెట్టకుండా చూసిన తేదీని నమోదు చేయాలి. ఫిర్యాదు వచ్చినప్పుడు సమాధానమిచ్చే భారం విద్యార్థిపై పడవేయక విశ్వవిద్యాలయమే వహించాలి. మధ్యవర్తి సంస్థ వద్ద ఫిర్యాదు పడితే న్యాయస్థానం ఉత్తర్వు లేనిదే 21 రోజులకు మించి రచనను నిలిపి ఉంచనక్కరలేదన్న నిబంధనను సంపాదకులు తెలుసుకోవాలి.

వెచ్చించదలచిన డబ్బు ఉంటే దానికి మంచి మార్గాలున్నాయి. 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పాత పత్రికల నిధులు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలను డిజిటలీకరించి పరిశోధకులకు చేసిన మేలు అందరికీ తెలిసినదే. వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయం తన వద్ద ముద్రిత ప్రతి ఉన్న రచనను భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేయడాన్ని 2012 సవరణ అనుమతించింది. ఒక్కొక్క వాక్యానికి రుసుము చెల్లించే బదులు ఆ పనికి వెచ్చిస్తే పత్రికలకూ, పరిశోధనకూ ఉపకారం.

9. ఉపసంహారం

వార్తను అమ్ముకోవడం పత్రిక హక్కు. వార్తపై మాట్లాడడం సమాజం హక్కు. మొదటిదాని కోసం రెండవదానికి సుంకం విధిస్తే నష్టపోయేది పెద్ద సంస్థల గురించి రాసేవారి కంటే చిన్న ఊళ్ల గురించి రాసేవారే. రాజధాని చరిత్రకు పుస్తకాలు, దస్తావేజులు, జ్ఞాపకాలు ఎన్నో ఉన్నాయి. దంతాలపల్లి చరిత్రకు జిల్లా పేజీలో ఒక మూల అచ్చయిన ఆరు పంక్తుల వార్తే దిక్కు కావచ్చు. ఆ ఆరు పంక్తులను తేదీతో, ఊరి పేరుతో ఉన్నదున్నట్టు చూపే స్వేచ్ఛను తెలుగు పరిశోధకుడు ఎవరి దగ్గరా కొనుక్కోనక్కరలేదు. దానిని ఎవరికీ తాకట్టు పెట్టకుండా కాపాడుకోవడం తెలుగు శాఖల కర్తవ్యం.